నిదానమే ప్రధానం

తెలుగులో "నిదానం" అనే మాటకు మనం సాధారణంగా ఒక్క అర్థమే చెప్పుకుంటాం. నిదానంగా నడువు, నిదానంగా తిను, నిదానం మీద పని చేసుకో, అంటే తొందరపడవద్దని. కాని ఆ మాటకు సంస్కృతంలో అసలు అర్థం మూలకారణం. వైద్యులు దాన్ని రోగకారణానికి వాడుకున్నారు. ఆయుర్వేదంలో మాధవ నిదానమని ఒక గ్రంథం వుంది. అందులో వున్నదంతా రోగాన్ని గుర్తుపట్టే విద్యే. మందు ఆ తర్వాతి సంగతి. ఒకే మాటలో కారణమూ, తొందర లేకపోవటమూ పక్కపక్కనే కాపరం చేస్తూ వుండటం నాకెప్పుడూ ముచ్చటగానే వుంటుంది.

ఈ వారం నేను చెప్పబోయేది మోటారు కారుకు పట్టిన వాతరోగం గురించి. తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి కార్ల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. కుట్టుమిషను గురించి రాసినప్పుడూ ఇదే మాట అన్నారు. మనిషి వాడుకునే వస్తువు ఏదైనా సరే, అది చెడినప్పుడు ఎలా ఆలోచించాలో నేర్పుతుంది. ఆ ఆలోచన వ్యాకరణానికీ పనికొస్తుంది, కాపరానికీ పనికొస్తుంది.

చక్రం పుట్టిన నాటినుంచీ మనిషికి రోడ్డుతో తగాదా వుంది. ఎద్దుబండిలో పెట్టె నేరుగా ఇరుసు మీద కూచుంటుంది గనక దారిలో వున్న ప్రతి రాయీ లోపలివాడి వెన్నుపూసను పలకరించి పోతుంది. జట్కాకు కింద ఇనప కమానులు వచ్చాయి. లారీలకు కమానుకట్టలు వచ్చాయి. కార్లకు చుట్టల స్ప్రింగులు వచ్చాయి. వీటన్నిటిలోనూ ఒక ఇబ్బంది వుంది. ఇనుముకు తన బిగువు తనదే, ఎక్కినవారిని బట్టి మారదు. ఒక్కడు ఎక్కితే మెత్తగా వుండే స్ప్రింగు, అయిదుగురు ఎక్కి డిక్కీలో పెట్టెలు పెడితే నేలకు కుంగుతుంది. అయిదుగురికి తట్టుకునే స్ప్రింగు ఒక్కణ్ణి ఎగరేస్తుంది.

గాలికి ఆ మొండితనం లేదు. రబ్బరు తిత్తిలో గాలి నింపి దానిమీద బండిని నిలబెట్టారనుకోండి. బరువు పెరిగితే మరికాస్త గాలి కొట్టవచ్చు, తగ్గితే కాస్త వదలవచ్చు. బండి ఎత్తు మారదు, మెత్తదనమూ పెద్దగా మారదు. ఈ కిటుకు తెలిసి చాలాకాలమైంది. 1955లో పారిస్ మోటారు ప్రదర్శనలో సిట్రోయెన్ కంపెనీ డి.ఎస్. అనే కారును పెట్టింది. అందులో చక్రాల దగ్గర స్ప్రింగులు లేవు, నత్రజని వాయువు నింపిన లోహపు గోళాలున్నాయి, ఆ వాయువును నూనె నొక్కుతూ వుంటుంది. 1957లో అమెరికాలో కాడిలాక్ వారు ఎల్డొరాడో బ్రోహమ్ అనే ఖరీదైన కారుకు గాలితిత్తులు పెట్టారు. అవి మొండికేసి గాలి కారిపోతూ వుండటంతో చాలామంది యజమానులు వాటిని పీకించి, తిరిగి చుట్టల స్ప్రింగులే వేయించుకున్నారు. 1961లో జర్మనీలో మెర్సిడెస్ వారి 300 ఎస్.ఇ. కారు గాలి మీద నడిచింది. 1998లో వచ్చిన వారి ఎస్ క్లాసు నాటికి ఆ తంతు అంతా కంప్యూటరు చేతికి వెళ్ళింది. ఇప్పుడు పెద్ద కార్లలో ఇది మామూలు.

ఆ అమరికను ఒకసారి మనసులో పెట్టుకుంటే తర్వాతి కథ తేలిగ్గా వుంటుంది. నాలుగు చక్రాల దగ్గర నాలుగు రబ్బరు తిత్తులు, కమ్మరి కొలిమి తిత్తికి అన్నదమ్ముల వంటివి. వాటికి గాలి కొట్టటానికి ఒక కంప్రెసరు. ఆ గాలిలో తేమ పీల్చటానికి గింజలు నింపిన ఒక డబ్బా. ఏ తిత్తికి ఎంత గాలి పోవాలో తెరిచి మూసే కవాటాల పెట్టె. బండి ఎంత ఎత్తులో వున్నదో కనిపెట్టి చెప్పే సెన్సర్లు. ప్రతి సెన్సరుకూ చక్రం పట్టుకునే చేతికీ మధ్య వేలెడంత కడ్డీ ఒకటి వుంటుంది. చక్రం లేస్తే కడ్డీ కదులుతుంది, సెన్సరు తిరుగుతుంది, కంప్యూటరుకు కబురు పోతుంది. ఇవి గాక షాక్ అబ్సార్బర్లు వేరే వున్నాయి. తిత్తి పని బరువు మొయ్యటం. లేచిన బండి ఊగులాడకుండా ఆపటం షాక్ అబ్సార్బరు పని. చాలా కార్లలో ఇవి రెండూ ఒకే స్తంభంలా కలిపి వుంటాయి, దాన్నే స్ట్రట్ అంటారు. అంచేత ఒకదాని జబ్బు ఇంకొకదాని నెత్తిన రుద్దటం తేలిక.

ఇక అసలు సంగతి. డిగ్రీలో నా దగ్గర తెలుగు చదువుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు ట్రావెల్స్ బండ్లు నడుపుకుంటున్నాడు. కిందటేడు ఒక జర్మన్ కంపెనీ పెద్ద కారును సెకండుహాండులో ఏడు లక్షలకు కొన్నాడు. కొత్తప్పుడు దాని ధర అరకోటికి పైమాటే. పదిహేనేళ్ళ బండి. పెళ్ళిళ్ళకు అద్దెకు తిప్పుదామని అతని ఆలోచన. భార్య నగలు కుదువపెట్టి కొన్నాడు. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర వెనకాడరాదని సామెత. ఈ ఏనుగుకు ఎన్ని అంకుశాలు కావాలో కొన్నాకగాని తెలియలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే వచ్చి, చెప్పులు గుమ్మం బయట విడిచి, కూచోమన్నా కూచోకుండా నిలబడ్డాడు.

"మాస్టారూ, మీ సంతకం ఒకటి కావాలి."

"దేనికి నాయనా?"

"అయిదు లక్షల చిట్టీ పాడుకున్నానండీ. డబ్బివ్వాలంటే ష్యూరిటీ కావాలంటున్నారు. గవర్నమెంటు జీతం వున్నవాళ్ళే కావాలట."

బండికి ఏమైందని అడిగాను. కుదిపేస్తోందన్నాడు. చిన్న అతుకు వచ్చినా నెత్తిమీద మొట్టినట్టు కొడుతోందట. మొన్న ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకు నాయనమ్మను ఎక్కించుకుని నలభై కిలోమీటర్లు వచ్చేసరికి ఆవిడకు నడుం పట్టేసింది. పెళ్ళివారు సగం బాడుగ చేతిలో పెట్టి, ఆర్టీసీ బస్సు నయమని ఒక మాట కూడా అన్నారు. ఆ మాట ఆ వీధిలో పాకింది. తర్వాత కుదిరిన రెండు పెళ్ళిళ్ళూ తప్పిపోయాయి.

ఒక వర్క్‌షాపువారు రాసిచ్చిన ఎస్టిమేటు చూపించాడు. నాలుగు చక్రాలకూ నాలుగు స్ట్రట్లు, ఒక కంప్రెసరు, పనికూలి, వెరసి రు. 4,85,000.

"ఇవన్నీ పాడైనట్టు వాళ్ళకెలా తెలిసింది?"

"పాత బండి గదండీ. ఎయిర్ సస్పెన్షన్ అంటే ఇంతేనన్నారు."

"అది నిదానం కాదు నాయనా, జాతకం. సంతకం సంగతి రేపు చూద్దాం. ముందు బండిని ఇంకొకరికి చూపించు. నేనూ వస్తాను."

బెజవాడ ఆటోనగర్లో ఒక మేస్త్రీగారున్నారు. అరవై దాటాయి. పన్నెండో ఏట లారీ కమానుకట్టలు విప్పటంతో మొదలుపెట్టి, ఇప్పుడు కంప్యూటరు తగిలించి చూసే బండ్ల దాకా వచ్చారు. ఆయన మాధవ నిదానం చదవలేదు. కాని ఆ రెండు రోజులూ ఆయన చేసిన పని చూస్తుంటే, మన వైద్యులు చెప్పిన నిదాన పంచకం నా కళ్ళముందు నడిచినట్టయింది. హేతువు, పూర్వరూపం, రూపం, ఉపశయం, సంప్రాప్తి, ఇవీ ఆ అయిదు. రోగానికి కారణమేమిటి, అది రాబోయే ముందు ఏ సూచనలు కనబడ్డాయి, వచ్చాక లక్షణాలేమిటి, ఏది చేస్తే ఉపశమిస్తున్నది, లోపల అది ఏ దారిన పెరిగింది.

మేస్త్రీగారు బానెట్ ఎత్తలేదు, బండి కిందికీ వంగలేదు. స్టూలు లాక్కుని కూచుని ప్రశ్నలు వేశారు.

"కొన్నప్పటినుంచీ ఇంతేనా, మధ్యలో మొదలైందా?"

"కొన్నప్పుడే కాస్త గట్టిగా వుందండీ. ఈ మధ్య మరీ ఎక్కువైంది."

"పొద్దున లేచి చూస్తే ఏ మూలైనా కూలబడి వుంటుందా?"

"లేదండీ, సమంగానే వుంటుంది."

"చిన్న అతుకులకు కొడుతుందా, పెద్ద గుంటలకా?"

"చిన్నవాటికి టకటకమంటుంది. నలుగురెక్కితే స్పీడ్‌బ్రేకరు దగ్గర ముందు భాగం దబ్బుమంటుంది."

"దీపం ఏమైనా వెలుగుతోందా?"

"ఏదీ వెలగటం లేదండీ."

ఈ నాలుగు జవాబుల్లోనే సగం వైద్యం వుందని తర్వాత చెప్పారాయన. చిన్న అతుకులకు కొట్టటం ఒక జబ్బు, పెద్ద గుంటలకు అడుగంటటం వేరే జబ్బు. చిన్న అతుకును మొదట మింగవలసింది టైరు, ఆ తర్వాత చేతుల చివర వుండే రబ్బరు బుష్షులు. తిత్తి దాకా ఆ దెబ్బ సరిగా రాదు. స్పీడ్‌బ్రేకరు దగ్గర దబ్బుమనటం మాత్రం చక్రానికి పైకి లేచే చోటు చాలక, లోపల వున్న రబ్బరు ఆపుడుకు కొట్టుకోవటం. రెండు జబ్బులున్నాయన్నమాట. ఎస్టిమేటు రాసినవారు రెండిటికీ ఒక్కటే మందు రాశారు.

తర్వాత టేపు తీశారు. చక్రం నడిబొడ్డు నుంచి పైనున్న రేకు అంచు దాకా నాలుగు వైపులా కొలిచారు. నేల నుంచి ఎందుకు కొలవరని అడిగాను. "నేల నుంచి కొలిస్తే టైరులో గాలి కూడా లెక్కలోకొస్తుంది పంతులుగారూ. మనకు కావలసింది తిత్తి సంగతి" అన్నారు. వెనక రెండు వైపులా కంపెనీ చెప్పిన ఎత్తు వుంది. ముందు రెండు వైపులా 28 మిల్లీమీటర్లు తక్కువ వుంది. అంకెలు సుద్దముక్కతో గోడమీద రాసి, బండి తాళం తన దగ్గర పెట్టుకున్నారు.

"రాత్రికి ఇక్కడే వుండనీ. పొద్దున నేను కొలిచేదాకా తలుపు ముట్టుకోవద్దు" అన్నారు. ఇలాంటి బండ్లలో చాలావాటికి తలుపు తీస్తేనే మెలకువ వస్తుందట. వెంటనే గాలి కొట్టుకుని రాత్రి కారిపోయినదాన్ని కప్పిపుచ్చుకుంటాయి. తలుపు తీసి కొలిస్తే, స్నానం చేసి పౌడరు రాసుకొచ్చిన రోగికి నాడి చూసినట్టే.

మర్నాడు కొలిస్తే నాలుగు మూలలా తేడా 2, 3 మిల్లీమీటర్లకు మించలేదు. చల్లబడ్డ గాలి కాస్త కుదించుకుంటుంది గనక ఆ మాత్రం తేడా లెక్కలోది కాదు. తిత్తుల మడతల మీద, గొట్టాల అతుకుల దగ్గర సబ్బునీళ్ళు పోశారు. బుడగ రాలేదు. నాలుగు తిత్తులూ గాలి పట్టుకునే వున్నాయి. కారకపోతే కంప్రెసరుకు మితిమీరిన పని లేదు, బండిని పైకెత్తమని మీట నొక్కితే అది చకచకా ఎత్తింది కూడా. ఎస్టిమేటులో పెద్ద అంకెలన్నీ అక్కడికి ఆధారం లేకుండా పోయాయి.

మరి ముందు భాగం ఎందుకు కిందికి వున్నట్టు? కంప్యూటరు తగిలించి చూస్తే తప్పు ఒక్కటీ లేదంది. సెన్సర్లు చెబుతున్న ఎత్తు సరిగ్గా వుండవలసిన ఎత్తే. టేపు ఒకటి చెబుతోంది, కంప్యూటరు ఒకటి చెబుతోంది. మేస్త్రీగారు నవ్వి, బండిని పైకెత్తించి, ముందు సెన్సర్ల దగ్గరున్న కడ్డీలు విప్పి చూపించారు. అవి కంపెనీ కడ్డీలు కావు. మర తిప్పి పొడుగూ పొట్టీ చేసుకునే రకం. బండి ముందు భాగం నేలకు వంగి వుంటే చూడటానికి దర్జాగా వుంటుందని పాత యజమాని పెట్టించుకున్న సోకు అది. కడ్డీ కొలత మారిస్తే సెన్సరు అబద్ధం చెబుతుంది, ఆ అబద్ధాన్ని నమ్మి కంప్యూటరు గాలి వదిలేస్తుంది. తప్పు ఎందుకు చూపిస్తుంది? దాని లెక్కలో అంతా సవ్యంగానే వుంది. తప్పుడు సాక్షి మాట విని న్యాయమూర్తి చట్టప్రకారమే తీర్పు చెప్పినట్టు.

సైకిలు పంపు మూతి వేలితో మూసి కాడను నొక్కి చూడండి. మొదట మెత్తగా దిగుతుంది. దిగినకొద్దీ గట్టిపడి, చివర రాయిలాగా నిలుస్తుంది. తిత్తి కూడా అంతే. 28 మిల్లీమీటర్లు ముందే దిగి వున్న తిత్తికి మెత్తగా దిగే భాగం ముందే ఖర్చయిపోయింది. మిగిలింది గట్టి భాగం, దాని చివర రబ్బరు ఆపుడు. స్పీడ్‌బ్రేకరు దగ్గర దబ్బుమనకేం చేస్తుంది!

ఇక టకటకల సంగతి. టైర్లో గాలి కొలిస్తే 44 పౌన్లు వుంది. తలుపు పక్క స్తంభం మీద కంపెనీవారు అతికించిన చీటీలో 33 అని వుంది. పెద్ద బండి గదా అని టైరుకొట్టు కుర్రవాడు దండిగా కొట్టి పంపాడు. అంతకన్నా పెద్ద సంగతి చక్రాలే. కంపెనీవి 17 అంగుళాల చక్రాలు, 225/55 టైర్లు. పాత యజమాని 20 అంగుళాలవి వేయించి, 245/35 టైర్లు తొడిగాడు. బయటి చుట్టుకొలత ఇంచుమించు అంతే వుంటుంది గనక మీటరు తప్పదు, చూసేవారికి తేడా తెలియదు. కాని గీతకు అవతల వున్న అంకె టైరు గోడ ఎత్తు, వెడల్పులో అది నూటికి ఎంతో చెబుతుంది. 225లో నూటికి 55 అంటే 124 మిల్లీమీటర్లు. 245లో నూటికి 35 అంటే 86 మిల్లీమీటర్లు. రోడ్డుకూ ఇనుముకూ మధ్య వున్న పరుపులో 38 మిల్లీమీటర్లు ఎవరో కోసుకుపోయారన్నమాట.

టైరు పక్కన ఇంకొక నాలుగంకెల ముద్ర వుంటుంది, 2000 సంవత్సరం నుంచి ఇదే పద్ధతి. మొదటి రెండంకెలు వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఈ టైర్ల వయసు తొమ్మిదేళ్ళు. అరుగు లేకపోయినా ఆ వయసుకు రబ్బరు ఎండిపోయి బిరుసెక్కుతుంది.

మేస్త్రీగారు గాలిని 33కు దింపి, చీటీ పెట్టినట్టు, "ఒక పది కిలోమీటర్లు తిప్పుకు రా బాబూ" అన్నారు. అతను తిరిగొచ్చి, సగం తగ్గిందన్నాడు. ఇదే ఉపశయం. చౌక మందు ముందు వేసి చూడటం, తగ్గితే ఎంత తగ్గిందో గుర్తుంచుకోవటం. ఒకేసారి నాలుగు మందులు మింగించిన వైద్యుడికి రోగం తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు.

ఆఖరున బండి కింద ఇనప కడ్డీ దూర్చి ముందు చేతులను కదిపారు. కుడి చేతి బుష్షు రబ్బరు చినిగి, ఇనుము ఇనుముకు తగులుతోంది. మిగిలిన టకటక అది. షాక్ అబ్సార్బర్లు నాలుగూ తుడిచి చూశారు. నూనె చెమ్మ లేదు, వాటికి వెళ్ళే కరెంటు తీగలు బాగానే వున్నాయి.

లెక్క తేలింది. కంపెనీ కొలత కడ్డీలు రెండు, బుష్షులు రెండు చేతులకూ, పాత 17 అంగుళాల చక్రాల సెట్టు ఒకటి, కొత్త టైర్లు నాలుగు, ఆపైన కంప్యూటరుకు బండి ఎత్తు మళ్ళీ నేర్పటం. పెద్ద చక్రాలు అమ్మగా వచ్చింది పోను లక్షకు లోపే అయింది. అతను అయిదు లక్షల చిట్టీ వదులుకుని రెండు లక్షలది పాడుకున్నాడు. దానికి నేను సంతకం పెట్టాను.

అయితే ఇది "ఏమీ లేదు, వట్టి గాలే" అని ముగిసే కథ కాదు. ముందు ఎడమ తిత్తి మడతలో సన్నని బీటలున్నాయని మేస్త్రీగారు లైటు వేసి చూపించారు. ఇవ్వాళ కారటం లేదు. కారే రోజు మాత్రం వస్తుంది. "నెలకింత పక్కన పెట్టుకో బాబూ. పొద్దున్నే ఆ మూల కూలబడి కనిపించిన రోజు ఇంక తిప్పకుండా తీసుకురా. తిప్పితే కంప్రెసరు కూడా పోతుంది" అన్నారు. రబ్బరుకు ఆయుర్దాయం వుంది. దాన్ని కాదనటం మంచి వైద్యుడి పని కాదు. మిగిలి వున్న ఆయుర్దాయానికి ఇప్పుడే పాడె కట్టటం కూడా మంచి వైద్యుడి పని కాదు.

ఆ ఎస్టిమేటు రాసినవారు దొంగలని నేననటం లేదు. నాలుగూ మారిస్తే ఏదో ఒకదానితో జబ్బు కుదురుతుంది, గ్యారంటీ ఇవ్వవచ్చు, బండి మళ్ళీ రాదు. వారికది తేలిక దారి. కాని ఈ బండికి నాలుగు కొత్త స్ట్రట్లు వేసినా ఆ తప్పుడు కడ్డీలు అక్కడే వుండేవి, ఆ పలచని టైర్లు అక్కడే వుండేవి. 4,85,000 రూపాయలు పోసిన తర్వాత కూడా ఆ నాయనమ్మకు నడుం పట్టే వుండేది. నాకు ఆ ఎస్టిమేటులో భయమేసింది అంకెను చూసి కాదు, దీన్ని చూసే.

ఇలాంటి బండ్లున్న పాఠకులు మనలో కొద్దిమందే వుంటారు. సెకండుహాండులో చౌకగా వస్తున్నాయని ఆశపడేవారు మాత్రం పెరుగుతున్నారు గనక కొన్ని గుర్తులు చెబుతాను. రాత్రి సమంగా పెట్టిన బండి పొద్దునకు ఒక మూల కుంగితే అది తిత్తో, దాని గొట్టమో కారటం. కంప్రెసరు మాటిమాటికీ మోగుతున్నా అదే అనుమానం. బండి వుండవలసినదానికన్నా ఎత్తుగా నిలిచినా కుదుపు వస్తుంది, చక్రానికి గుంటలోకి దిగే చోటు మిగలదు గనక. ఎత్తు సరిగానే వుండి, దీపం వెలిగి, ఉన్నట్టుండి బండి బిగుసుకుపోతే షాక్ అబ్సార్బరు కరెంటు తీగ చూడాలి. కరెంటు అందనప్పుడు బిగువుగా వుండిపోయేట్టు కొన్ని రకాలను కావాలనే తయారు చేశారు, ఊగులాడే బండికన్నా బిగిసిన బండి క్షేమం గనక. కుదుపు కాకుండా, స్పీడ్‌బ్రేకరు దాటాక పడవలాగా రెండు మూడు సార్లు ఊగితే షాక్ అబ్సార్బర్లు అరిగిపోయాయన్నమాట.

ఎత్తు వేరు, మెత్తదనం వేరు అని ఇందాకటి సిట్రోయెన్ బండ్లు తేటగా నేర్పుతాయి. వాటిలో బండిని ఎత్తి నిలబెట్టేది నూనె, స్ప్రింగుగా పనిచేసేది నత్రజని. గోళం లోపలి రబ్బరు పొరలోంచి నత్రజని ఏళ్ళ తరబడి మెల్లగా జారిపోతుంది. నూనె మాత్రం బండిని సరైన ఎత్తులోనే నిలబెడుతుంది. చూపులకు ఏ లోపమూ కనబడదు, ఎక్కితే ఎద్దుబండి. ఇంజను ఆడుతుండగా ఒక మూల చేత్తో నొక్కితే కదలకుండా మొండిగా నిలుస్తుంది, అదే దానికి గుర్తు.

ఇంకొక మాట, ఇది మాత్రం తప్పనిసరి. గాలి మీద నిలిచిన బండి కిందికి ఎవరూ దూరకూడదు. కవాటం ఒక్కటి తెరుచుకుంటే రెండు టన్నుల బండి చప్పుడు లేకుండా కిందికి దిగుతుంది. జాకీని కూడా నమ్మవద్దు. గట్టి స్టాండ్లు పెట్టి, కంప్యూటరు ఎత్తు మార్చకుండా కట్టేసిన తర్వాతే ఎవరైనా కిందికి వెళ్ళాలి.

ఇక బండి మీకున్నా లేకపోయినా, మిషను బాగుచేసేవారో, ఇల్లు మరమ్మతు చేసేవారో, మరొకరో పెద్ద అంకె వేసిన కాగితం మీ చేతికిచ్చే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు బేరమాడే ముందు ఒక్క మాట అడగండి. "ఇది పాడైందని ఏ పరీక్షలో తేలింది?" అని. అడిగినందుకు నొచ్చుకోకుండా టేపో, సబ్బునీళ్ళో తెచ్చి మీ కళ్ళెదుట చూపించినవారికి పని ఇవ్వండి, అడిగిన కూలి ఇవ్వండి. మా మేస్త్రీగారు ఆ రెండు రోజుల పరీక్షకు పదిహేను వందలు పుచ్చుకున్నారు. అందులో ఒక్క పైసా కూడా బేరం ఆడవద్దని మా శిష్యుడికి నేనే చెప్పాను.